గన్నవరం నుంచి బేగంపేటకు యాభై నిమిషాలు

గన్నవరం ఏరోడ్రోము నుంచి హైదరాబాదు బేగంపేటకు విమానంలో యాభై నిమిషాలు. ఇది నా మాట కాదు, నా టికెట్టు మాట. బయల్దేరేది ఒంటిగంటా పది, దిగేది రెండు అని దాని మీద స్పష్టంగా రాసి ఉంది. ఆ దూరం దాటడానికి నాకు మాత్రం పది రోజులు పట్టింది. అందులో ఎనిమిది రోజులు దేవుడి పటం వెనక గడిచాయి.

దేశమంతా రైళ్ళ సమ్మె జరిగిన వేసవి అది. మా ఊరు గుడివాడ అవతల, కాలవ గట్టు పక్కన. నేను బీయే ప్యాసై మూడేళ్ళయింది. చదువుకున్నవాడని నన్ను పొలం పనికి పిలిచేవాళ్ళు కాదు. ఉద్యోగం లేనివాడని పేకాటకీ పిలిచేవాళ్ళు కాదు. మూడేళ్ళుగా నేను చేస్తున్న పనల్లా దరఖాస్తులు పెట్టడం, పోస్టుమాను వస్తుంటే అరుగు మీద నిలబడడం, అతను దాటిపోయాక కూర్చోవడం.

చివరికి ఒక మంగళవారం అతను దాటిపోలేదు. హైదరాబాదు నుంచి పొడుగాటి ఖాకీ కవరు ఇచ్చాడు. నేను చింపబోతుంటే మా అమ్మ చెయ్యి పట్టుకుంది.

"మంగళవారం పూటా సర్కారు కవరు చింపుతావట్రా! మూడేళ్ళు ఆగినవాడివి ఒక్క పూట ఆగలేవూ?"

కవరు దేవుడి పటం వెనకకు చేరింది. మర్నాడు తీసి చూద్దామనుకున్నాం. మర్నాడు మా ఇంట్లో ఆవకాయ మొదలైంది. ఆవకాయ రోజుల్లో మా ఇంట్లో దేవుడికే తీరిగ్గా దణ్ణం పెట్టేవాళ్ళుండరు. ఇక దేవుడి వెనక ఉన్న కవరు ఎవరికి గుర్తుంటుంది? నాకు గుర్తుండాలి, నిజమే. కానీ వాకిట్లో కాయలు కొట్టే కత్తిపీట ముందు నన్ను కూర్చోబెట్టారు. ఆ కత్తి ముందు మనిషికి భవిష్యత్తు కాదు, బొటనవేలే గుర్తుంటుంది. పైగా అంతకుముందు వచ్చిన ఖాకీ కవర్లన్నీ 'విచారిస్తున్నాము' అనే చెప్పాయి. విచారానికి తొందరేముంది?

తరవాతి వారం బుధవారం పొద్దున్న మా తాతయ్య పంచాంగం కోసం పటం వెనక చెయ్యి పెడితే కవరు కింద పడింది. చింపి చూశాం. ఒక ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం. అందులో వేసిన తేదీన సాయంత్రం ఐదింటి లోపు చేరాలి. చేరకపోతే ఉత్తర్వు రద్దు, ఆ ఉద్యోగం జాబితాలో తరవాతివాడికి పోతుంది. ఆ తేదీ ఎల్లుండి, శుక్రవారం.

మా అమ్మ కళ్ళు తుడుచుకోబోయి ఆగిపోయింది, చేతులకి కారం.

రైళ్ళు లేవు. రైళ్ళెక్కాల్సిన జనమంతా బస్సుల మీద పడ్డారు. బస్సు టాపు మీద కూడా తువ్వాలు వేసి సీటు ఆపుకుంటున్న రోజులు. నాన్నా నేనూ బెజవాడ వెళ్ళి వన్ టౌన్లో మా మేనమామ కొట్టు మెట్లెక్కాం. పసుపు, మిరపకాయల హోల్‌సేలు ఆయనకి. ఆ కొట్లో శుభవార్త చెప్పినా దుర్వార్త చెప్పినా తుమ్ముతూనే చెప్పాలి. నాన్న మూడు తుమ్ములతో సంగతంతా చెప్పాడు.

"బస్సు టాపు మీదనా?" అన్నాడు మావయ్య. "నా మేనల్లుడు టాపు మీదెళ్ళి ఉద్యోగంలో చేరాడంటే వన్ టౌన్లో నేను తలెత్తుకోగలనా బావా? విమానం ఎక్కిద్దాం."

"విమానం ఎక్కితే అందరూ తలెత్తే చూస్తార్లే మావయ్యా," అన్నాను.

"చూశావా బావా, అప్పుడే వీడికి ఆఫీసరు తెలివొచ్చింది," అని మావయ్య చొక్కా తగిలించుకుని బయటికెళ్ళాడు. గన్నవరం నుంచి ఆ రోజుల్లో విమానం రోజూ ఉండేదో, వారానికి కొన్నాళ్ళే ఉండేదో నాకిప్పుడు గుర్తులేదు. ఆ శుక్రవారం మాత్రం ఉంది. ఎవరెవర్ని పట్టుకున్నాడో గానీ సాయంత్రానికి టికెట్టుతో తిరిగొచ్చాడు. నేనా యాభై నిమిషాల లెక్కను బస్సులో దారి పొడుగునా చదువుకున్నాను. రెండింటికి దిగితే ఐదింటికి మూడు గంటలు మిగులు. మూడేళ్ళు ఖాళీగా ఉన్నవాడికి మూడు గంటల మిగులు పెద్ద విశేషం కాదు గానీ, మనసు కుదుటపడింది.

ఇంటికి రాగానే తాతయ్య పంచాంగం మూసి, కళ్ళజోడు తీశాడు. అది అశుభ సూచన.

"శుక్రవారం పడమటికి వారశూలరా," అన్నాడు.

ఒక్కో వారం ఒక్కో దిక్కుకి ప్రయాణం పనికిరాదని మా ఇంట్లో పట్టింపు. ఆ వేళ ఆ దిక్కున శూలం పాతి ఉన్నట్టే లెక్క. హైదరాబాదు మాకు పడమర.

"విమానం పైనుంచి పోతుంది కదా నాన్నా. శూలం అంత ఎత్తుంటుందా?" అన్నాడు మా నాన్న.

"శూలం ఎత్తు నువ్వు కొలిచావా? ప్రస్థానం పెడదాం."

ప్రస్థానమంటే శూలాన్ని మోసం చేసే ఉపాయం. ప్రయాణం చెడ్డరోజున తప్పనప్పుడు, ముందే ఒక మంచి ఘడియ చూసి, ప్రయాణికుడి వస్తువేదైనా ఇల్లు దాటించి, వెళ్ళే దారిలో ఇంకొకరింట్లో ఉంచుతారు. దాంతో ప్రయాణం ఆ మంచి ఘడియలోనే మొదలైపోయినట్టు. మనిషి తరవాత తీరిగ్గా వెళ్ళి తన వస్తువును కలుసుకుంటాడు. మామూలుగా ఒక పంచో, గుడ్డలో కట్టిన గుప్పెడు బియ్యమో పెడితే చాలు. ఉద్యోగం కాబట్టి మా తాతయ్య గుప్పెడుతో ఊరుకోలేదు. నా పెట్టె మొత్తం పెట్టమన్నాడు. బట్టలు, సర్టిఫికెట్లు, ఉత్తర్వు, టికెట్టు.

"టికెట్టు కూడానా?" అన్నాడు నాన్న.

"ప్రయాణానికి ప్రాణం ఏది? టికెట్టు కాదూ? ప్రాణాన్ని ఇంట్లో అట్టేపెట్టుకుని చొక్కాల్ని పంపిస్తావా?"

నాన్న టికెట్టు తీసి ఇచ్చాడు. తాతయ్య ఉత్తర్వుకీ టికెట్టుకీ నాలుగు మూలలా పసుపు రాశాడు. పెట్టెకి తాళం వేసి, తాళంచెవి మా అమ్మ కొంగుకి ముడి వేయించాడు. గురువారం పొద్దున్నే తాతయ్యా నాన్నా పెట్టె పట్టుకుని గన్నవరం వెళ్ళారు.

గన్నవరంలో మా నాన్న చిన్నప్పటి స్నేహితుడు ఒకాయన ఉండేవారు. స్కూలు హెడ్మాష్టారు, క్రైస్తవులు. గుణదల తిరునాళ్ళకి మేం వాళ్ళతో కొండెక్కేవాళ్ళం, ఆవకాయ జాడీ కట్టగానే మొదటి గిన్నె వాళ్ళింటికి వెళ్ళేది. ఆ రోజు వాళ్ళింట్లో జరిగిన మాటలు తరవాత నాకు మాష్టారే చెప్పారు.

"మాష్టారూ, ఈ పెట్టెనెవరూ కదపకూడదండి," అన్నాడట తాతయ్య. "ప్రయాణం చేసేవాడే వచ్చి, కుడికాలు లోపల పెట్టి, తన చేత్తో తీసుకుని, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళాలి."

"మా పిల్లల్ని ఆ గది గడప తొక్కనివ్వనండి," అన్నారట మాష్టారు.

మాష్టారి భార్య కాస్త మొహమాటంగా అడిగిందట: "దాని దగ్గర మేం ప్రార్థన చేసుకోవచ్చాండీ?"

తాతయ్య ఆలోచించి, "చేసుకోమ్మా. పడమటికి మీ దేవుడికేం అభ్యంతరం లేదు గదా?" అన్నాడట.

"ఏ దిక్కుకీ లేదండీ."

"అయితే మరీ మంచిది."

శుక్రవారం పొద్దున్న ఏడింటికి గుడివాడ నుంచి టాక్సీ వచ్చింది. అందులో పదకొండుమందిమి ఎక్కాం. ప్రయాణికుణ్ణి నేనొక్కణ్ణే. మిగతా పదిమందీ సాగనంపేవాళ్ళు. మావయ్య కూడా బెజవాడ నుంచి ముందు రోజే వచ్చేశాడు, దగ్గరుండి ఎక్కించాలని. మా ఊరికీ గన్నవరానికీ మధ్య ముప్పై మైళ్ళు ఉండదు. కానీ ఆ ముప్పై మైళ్ళలోనూ మాకు బంధువులు ఉన్నారు. గాల్లోకి లేచేవాడికి నేలమీద ఆఖరి కాఫీ ఇవ్వడం తమ ధర్మమని అందరూ అనుకున్నారు. ఒకచోట కాఫీ, ఒకచోట మజ్జిగ, ఒకచోట 'పైన ఏం పెడతారో ఏమో' అని పులిహోర. ఒక ముసలామె నా చెంపలు నిమిరి, "అంత పైకెళ్ళి కిందికి చూడమాక నాయనా, మేం కనపడితే బెంగెట్టుకుంటావు," అంది. రైళ్ళు లేవు కాబట్టి గేటు దగ్గర మాత్రం ఆగలేదు.

మాష్టారి ఇంటి ముందు దిగేసరికి పన్నెండుంబావు. నేను పెరట్లో కాళ్ళు కడుక్కుని, కుడికాలు పెట్టడానికి గడప దగ్గరికి వెళ్ళాను. తలుపుకి తాళం వేలాడుతోంది.

పక్కింటావిడ బట్టలారేస్తూ పలికింది. "మాష్టారోళ్ళు లేరండి. ఏరోడ్రోం కెళ్ళారు, పదకొండింటికే. ఎవరో అబ్బాయి విమానం ఎక్కుతన్నాడంట, సాగనంపడానికి."

"ఆ అబ్బాయిని నేనేనండీ," అన్నాను.

"అయ్యో రాత! మరి నువ్విక్కడున్నావేంటి?"

"పెట్టె తీసుకెళ్ళారామ్మా?" అన్నాడు నాన్న.

"లేదండీ. అదిగో, కిటికీలోంచి కనపడతందిగా."

అందరం కిటికీకి మొహాలు ఆనించాం. ఊచల అవతల కుర్చీలో నా పెట్టె కూర్చుని ఉంది. దాని మీద ఉతికిన దుప్పటి, దుప్పటి మీద మల్లెపూలు, పక్కన ఆరిపోయిన కొవ్వొత్తి. ఇంత మర్యాదగా నన్నెవరూ ఎప్పుడూ కూర్చోబెట్టలేదు.

"తాళం పగలగొడదాం," అన్నాడు మావయ్య.

"ప్రస్థానం పెట్టిన ఇంటి తాళమా?" తాతయ్య కర్ర అడ్డం పెట్టాడు. "ఇల్లు బద్దలుకొట్టి మొదలెట్టిన ఉద్యోగం ఎక్కడ తేలుతుందో తెలుసా?"

"సర్కారు ఉద్యోగమే గదా మావయ్యగారూ, అలా మొదలైతే అలవాటైపోద్ది," అన్నాడు మావయ్య తాతయ్యతో.

నవ్వే ఓపిక ఎవరికీ లేదు. మళ్ళీ టాక్సీలో కూరుకుని రెండు మైళ్ళ అవతల ఏరోడ్రోముకు పరిగెత్తించాం. కంచె దగ్గర మాష్టారు, ఆయన భార్య, నలుగురు పిల్లలు ఆదివారపు తెల్లబట్టల్లో, చేతిలో జేబురుమాళ్ళతో ఊపడానికి సిద్ధంగా ఉన్నారు.

"రావోయ్ రా! నీకోసమే చూస్తన్నాం. పెట్టేదీ?"

"మీ ఇంట్లో ఉందండీ."

"తెచ్చుకోలేదూ?"

"తాళం వేసి ఉందండీ."

మాష్టారి చెయ్యి మెల్లిగా జేబు మీదికి వెళ్ళింది. లోపల తాళంచెవి చప్పుడైంది. ఆయన మొహం చూడలేకపోయాను. "నువ్వే వచ్చి తీసుకోవాలన్నారు మీ తాతగారు. అందుకని నేను ముట్టుకోలేదు. మరి ఇంటికి తాళం వెయ్యొద్దని ఆయన చెప్పలేదు... నాకూ తట్టలేదు."

మా నాన్న అప్పుడు నా వంక చూశాడు. కోపం కాదు. మూడేళ్ళుగా పోస్టుమాను దాటిపోయినప్పుడల్లా అరుగు మీద నా వంక చూసిన చూపే. విమానం తప్పితే ఊళ్ళో అవమానం. అది నాకు అలవాటే. ఆయనకి అలవాటు కాకూడదని మాత్రం ఆ క్షణంలో గట్టిగా అనిపించింది.

టాక్సీ అప్పటికే బానెట్టు తెరిచి పొగలు కక్కుతోంది. "పదకొండు మందిని మోసిందండి, చల్లారాలి," అని డ్రైవరు బీడీ ముట్టించాడు. మాష్టారు తన సైకిలు స్టాండు తన్నారు.

"ఎక్కు. నేను తొక్కుతా."

"వద్దండీ, నేను తొక్కుతాను."

"నువ్వు చెమటోడిస్తే ఆఫీసులో ఎవడు చేర్చుకుంటాడు? ఎక్కు!"

మే నెల పన్నెండున్నర ఎండలో, యాభై దాటిన హెడ్మాష్టారు, బీయే ప్యాసైన సోమరిని వెనకేసుకుని రెండు మైళ్ళు తొక్కారు. ఇంటి దగ్గర తాళం తీసి పక్కకి తప్పుకుని, రొప్పుతూనే, "కుడికాలు, కుడికాలు!" అని అరిచారు. కుడికాలే పెట్టాను. పెట్టె తీసుకున్నాను. చిక్కు తిరుగు ప్రయాణంలో వచ్చింది. పెట్టె ఒళ్ళో పెట్టుకుంటే మాష్టారి వీపు అడ్డం. ఆయన వీపుకి నా వీపు ఆనించి అటు తిరిగి కూర్చుంటే తప్ప క్యారేజీ మీద చోటు చాలదు. అటు తిరిగి కూర్చున్నాను. అంటే దారి పొడుగునా వెనక్కే చూస్తున్నాను.

"వెనక్కి చూడకూడదన్నారోయ్ మీ తాతగారు!"

"కళ్ళు మూసుకున్నానండీ!"

కళ్ళు మూసుకుని ఉండగానే నెత్తి మీదుగా పెద్ద మోత వెళ్ళింది. చూడకుండానే తెలిసింది, అది నా విమానం.

"దిగుతోందిలే," అన్నారు మాష్టారు, పెడలు మీద లేచి నిలబడుతూ. "దిగేవాళ్ళు దిగాలి, ఎక్కేవాళ్ళు ఎక్కాలి. మన గుడివాడ బస్సయితే ఈలోపు అన్నం తినొచ్చు."

అక్కడ ఏరోడ్రోములో మా తాతయ్య ఇంకో పోరు మొదలెట్టాడు. ఒంటిగంటా పన్నెండు దాకా దుర్ముహూర్తమట. విమానం ఒంటిగంటా పదికి బయల్దేరుతుంది. పెట్టె రాకపోయినా సరే, ఆ రెండు నిమిషాలూ ఆగి బయల్దేరమని తెల్లచొక్కా ఉద్యోగి వెంట పడ్డాడు.

"రెండే రెండు నిమిషాలండీ. మీరూ బాగుంటారు, ఎక్కినవాళ్ళూ బాగుంటారు."

"పెద్దాయనా, ఇది విమానమండీ, వియ్యంకుడు కాదు, బతిమాలితే ఆగడానికి!"

మేం చేరేసరికి ఆఖరి మనిషి మెట్లెక్కుతున్నాడు. ఆ ఉద్యోగి నన్ను పట్టుకుని, "టికెట్టు, టికెట్టు!" అన్నాడు. టికెట్టు పెట్టెలో. తాళంచెవి అమ్మ కొంగున. అమ్మ జనంలో ఎక్కడో వెనక. "అమ్మా!" అని నేను వేసిన కేకకు, అక్కడున్న తల్లులందరూ తిరిగి చూశారు. మా అమ్మ పరిగెత్తుకొచ్చింది. ఆ ముడి మా తాతయ్య వేయించింది కాబట్టి ఒక పట్టాన ఊడలేదు. అమ్మ పళ్ళతో లాగి ఊడదీసింది.

"టికెట్టుకి పసుపు రాశారేంటండీ?" అన్నాడు ఉద్యోగి.

"తరవాత చెప్తానండీ," అని పరిగెత్తాను. వెనక నుంచి అందరి గొంతులూ కలిసి వినిపించాయి. 'జాగ్రత్త' అని అమ్మ, 'ప్రభువు తోడుంటాడు' అని మాష్టారి భార్య, 'తిరిగి చూడకురోయ్' అని తాతయ్య. తలుపు మూసి, రెక్కల దగ్గర మోత మొదలై, చక్రాలు కదిలేసరికి నా చేతి గడియారంలో ఒంటిగంటా పదమూడు. దుర్ముహూర్తం పోయి ఒక నిమిషమైంది.

ఆ యాభై నిమిషాల గురించి చెప్పడానికి ఏమీ లేదు. చెవుల్లో పెట్టుకోమని దూది ఇచ్చారు, చప్పరించమని పిప్పరమెంటు ఇచ్చారు. ఏది ఎక్కడ పెట్టుకోవాలో పక్కాయన్ని చూసి నేర్చుకున్నాను. ఒక్కసారి కిందికి చూస్తే, పొద్దుట్నించీ మేం ఆగి ఆగి వచ్చిన కాలవ దారి దారప్పోగులా కనపడింది. కాఫీలూ మజ్జిగా పులిహోరా అన్నీ ఆ పోగు మీదే. ముసలామె చెప్పింది నిజమే, చూడకుండా ఉండాల్సింది.

బేగంపేటలో దిగి, ఆటోవాడికి చిరునామా చూపించి, అతని భాష నాకూ నా భాష అతనికీ సరిగ్గా తెలియక ఊరంతా తిరిగి, ఆఫీసు చేరేసరికి నాలుగుంబావు. గదిలో ఖాళీ కుర్చీలు, ఒక అటెండరు, ఒక సూపరింటెండెంటుగారు. ఉత్తర్వు ఆయన ముందు పెట్టాను. ఆయన నాలుగు మూలల పసుపు చూశారు, నన్ను చూశారు.

"ఏమయ్యా, ఉద్యోగంలో చేరడానికొచ్చావా, పెళ్ళికి పిలవడానికొచ్చావా?"

"చేరడానికేనండీ. ఐదింటి లోపు వచ్చేశాను. విమానంలో వచ్చానండీ."

"విమానంలో?" ఆయన కళ్ళజోడు సర్దుకున్నారు. "ఎందుకయ్యా? రైళ్ళు లేవని అందరికీ గడువు పదిహేను రోజులు పొడిగించారు గదా. సోమవారం పేపర్లో వేశారు. చూళ్ళేదూ?"

నేను నిలబడే ఉన్నాను. అటెండరు నా వంక జాలిగా చూసి, "కూసోండి సార్," అన్నాడు. మంచినీళ్ళు తెచ్చిచ్చాడు.

"మిగతావాళ్ళెవరూ రాలేదు," అన్నారు సూపరింటెండెంటుగారు, హాజరు పుస్తకం నా వైపు తిప్పుతూ. "వచ్చేదాకా వాళ్ళ ఫైళ్ళు కూడా నువ్వే చూస్తావు. సంతకం పెట్టు."

పెట్టాను. ఆ పదిహేను రోజులూ ఆరుగురి పని ఒక్కణ్ణే చేశాను. ఇంటికి మాత్రం 'నాలుగుంబావుకి చేరాను, ఐదింటి లోపే సంతకం పెట్టాను, ఉద్యోగం దక్కింది' అని రాశాను. అబద్ధం కాదు. గడువు సంగతి ఒక్కటే రాయలేదు. మాష్టారి చెమట, మావయ్య టికెట్టు, అమ్మ పళ్ళు, అన్నీ అనవసరమని కార్డు మీద ఎలా రాయను?

దసరాకి ఇంటికి వెళ్ళాను. తిరుగు ప్రయాణానికి మంచి ఘడియ చూడాలని తాతయ్య పంచాంగం తెమ్మన్నాడు. పటం వెనక చెయ్యి పెడితే పంచాంగంతో పాటు ఒక పేపరు ముక్క వచ్చింది. నూనె మరకలు, ఆవపిండి వాసన. మామిడి ముక్కలు ఆరబోయడానికి వాకిట్లో పరిచిన పేపరు అది. అందులో ఒక మూల చిన్న వార్త: రైళ్ళు లేని కారణంగా ఉద్యోగాల్లో చేరే గడువు పదిహేను రోజులు పొడిగింపు. ఆ వార్త వరకు జాగ్రత్తగా చింపి, నాలుగు మడతలు పెట్టి ఉంది. మా ఇంట్లో పేపరు అలా మడిచేది మా నాన్న ఒక్కడే.

బయట అరుగు మీద ఎవరితోనో నాన్న అంటున్నాడు: "గన్నవరంలో ఎక్కితే యాభై నిమిషాలండీ. ఐదింటి లోపు చేరకపోతే పోయేదే ఉద్యోగం. కావాలంటే మావాణ్ణి అడగండి. ఒరేయ్, యాభై నిమిషాలే గదరా?"

కాగితాన్ని మళ్ళీ నాలుగు మడతలు పెట్టి, ఉన్నచోటే పెట్టాను.

"యాభై కూడా పట్టలేదు నాన్నా," అన్నాను.